గంపకు ముందు దారి

ఈ మధ్య కొత్తగా చేరిన కండక్టర్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మాటల మధ్యలో ఒకతను, "సార్, మీ సర్వీసుల మీరు చేసిన పెద్ద పని ఏంది?" అని అడిగాడు. పెద్ద పని అంటే అతని మనసులో ఏముందో నాకు తెలుసు. ప్రమాదం తప్పించడమో, దొంగను పట్టుకోవడమో అయి ఉండాలి. "ఒక గంపను బస్సులోకి ముందు ఎక్కించిన" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చాయ్ తాగి, మర్యాదగా వెళ్ళిపోయారు. వాళ్ళను కూర్చోబెట్టి చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. తీరిక ఉంటే చదవండి. డ్యూటీ టైమ్ అయితే ముందు బస్సు ఎక్కండి.

నేను కండక్టరుగా చేరి, చివరి ఏళ్ళలో ఎల్లారెడ్డి బస్టాండులో బస్సుల రాకపోకలు చూసే కంట్రోలర్‌గా పనిచేశాను. నడుము మొండికేయడంతో యాభై దాటగానే ఉద్యోగం వదిలేశాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం బస్సులోనే నేర్చుకున్నాను. ఒక బస్సు ఆలస్యమైతే దాని వెనక ఎవరి పనులు ఎంత వెనక్కి జరుగుతాయో కాగితం లేకుండా చెప్పగలిగేవాణ్ని. ఈ గుణంతో మా ఆవిడ చాలా బాధపడింది. కందిపప్పు ఉడకడానికి కూడా గడియారం పెట్టి చూసే మనిషితో కాపురం చేయడం తేలిక కాదు. డిపోలో మాత్రం ఈ గుణానికి కొంత గిరాకీ ఉండేది.

అప్పట్లో పొద్దున్నే నాగిరెడ్డిపేటలో బయలుదేరి, ఎల్లారెడ్డి మీదుగా కామారెడ్డి పోయే బస్సు ఒకటి ఉండేది. ఆడవాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం వచ్చినప్పటినుంచి అందులో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. కాలేజీ పిల్లలు, కోర్టు పనులున్నవాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, సికింద్రాబాద్ రైలు అందుకోవాల్సినవాళ్ళు అందరూ అందులోనే. వీళ్ళకు తోడు, పోచారం చెరువు కింద ఆకుకూరలు పండించి కామారెడ్డి మార్కెట్టుకు గంపలతో పోయే ఆడవాళ్ళు. ఆ బస్సు రోజూ ఆలస్యమే. రైలుకు టాటా చెప్పే బస్సు అని దానికి పేరు పడింది.

ఒకనాడు డిపో ఆఫీసరు నన్ను పిలిపించాడు. మంచి మనిషి. కోపంగా కూడా మాట్లాడలేదు.

"చూడన్నా, ఈ ట్రిప్పు మీద కంప్లయింట్లు తప్ప ఇంకేం వస్తలేవు. ఒక నెల చూస్త. టైముకు కామారెడ్డి చేరితె ఉంటది. లేకుంటె ఆ బండిని హైవే మీదికి మారుస్త. మీ వాళ్ళు తర్వాతి బస్సుకు వస్తరు."

తర్వాతి బస్సు అంటే ఎండెక్కిన తర్వాత వచ్చేది.

నేను తిరిగి వచ్చేసరికి ఆ మాట నాకంటే ముందే ఎల్లారెడ్డి బస్టాండుకు చేరింది. గంపల ఆడవాళ్ళలో అందరికంటే పెద్దామెను మేమంతా గంపవ్వ అనేవాళ్ళం. ఆమె నా బల్ల ముందు నిలబడి ఉంది. పక్కనే ఆ బస్సు డ్రైవరు చాయ్ గ్లాసుతో ఉన్నాడు. మాచారెడ్డి మనిషి. బండి బాగా నడుపుతాడు. హారన్ అంతకంటే బాగా కొడతాడు.

"ఏంది కొడుకా, బస్సు తీసేస్తున్నరంట?" అంది గంపవ్వ.

"తియ్యరవ్వా, టైముకు పోతే."

"టైముకు ఎట్ల పోతది? నీ డ్రైవరుకు హారన్ ఒత్తుడే తెలుసాయె."

"అవ్వా, నీ గంప తలుపుకాడ అడ్డం పెట్టుకొని నన్నంటవా?" అన్నాడు డ్రైవరు.

"అందరెక్కినంక ఆఖర్న ఎక్కిస్తిరి. తలుపుకాడ గాక నీ నెత్తిమీద పెట్టాల్నా?"

బస్టాండంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట నా చెవిన పడింది గానీ తలకెక్కలేదు.

నవ్వు ఆగాక ఆమె గొంతు తగ్గించింది. "తోటకూర ఎండల వడితె బర్రె గూడ మూతి పెట్టదు. ఎల్లారెడ్డిల ఇంటికో మడి ఉంది, నా కూర ఎవలు కొంటరు? నా కోడలు, నేను ఆ గంప మీదనే బతుకుతున్నం. ఈ బస్సు పోతే గంప బోర్లియ్యాలె, గంతే."

ఆ నెల నాకు పరీక్ష అని అప్పుడు అర్థమైంది. కాగితం మీద అది ఒక ట్రిప్పు. ఆమెకు అది బతుకు.

ఆలస్యానికి ముందుగా నేను కనిపెట్టిన కారణం ఏమిటంటే, తలుపు దగ్గర తొక్కులాట. బస్సు ప్లాట్‌ఫారం మీదికి మలుపు తిరుగుతుండగానే కిటికీల్లోంచి సీట్ల మీద చేతిరుమాళ్ళు, మా దగ్గర దస్తీలు అంటాం, పడేవి. దస్తీ పడిన సీటు దస్తీ వేసినవాడిది. అదొక రాజ్యాంగం. ఒకే సీటు మీద రెండు దస్తీలు పడితే యుద్ధం. దీన్ని ఆపాలంటే వరస పెట్టాలి అనుకున్నాను. అట్టముక్కల మీద అంకెలు వేసి, ఎవరు ముందొస్తే వాళ్ళకు ముందు అంకె ఇచ్చాను. లెక్కలు తెలిసినవాడికి ఇంతకంటే న్యాయమైనది తోచదు. ఒకటి తర్వాత రెండు. ఇందులో తప్పు ఎవరు పడతారు?

మొదటి రోజు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత జనం తెలివి మీరారు. చీకటి ఉండగానే వచ్చి, నేను బల్ల మీద పెట్టిపోయిన అట్టల్లోంచి అంకె తీసుకుని, వరసలో చెప్పులు విడిచి ఇంటికి పోయి పడుకునేవాళ్ళు. నేను డ్యూటీకి వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద మనుషులు లేరు, చెప్పుల బారు ఉంది. మధ్యలో ఒక ఇటుక, ఒక టిఫిన్ డబ్బా, ఎవరిదో సగం తిన్న చెరుకుగడ కూడా వరసలో నిలబడ్డాయి. బస్సు వచ్చేసరికి అందరూ ఒక్కసారి పరుగెత్తుకొచ్చి ముందు చెప్పులు వెతుక్కోవాలి, తర్వాత బస్సెక్కాలి. ఒకాయన ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి పక్కాయన చెప్పు తొడుక్కుని కామారెడ్డి పోయాడు. పక్కాయన నా బల్ల దగ్గరే ఉండిపోయాడు.

ఆ బస్సు కండక్టరమ్మ టికెట్ మిషను చేతిలో పట్టుకుని అడిగింది. "సార్, చెప్పులకు ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా?"

ఇంకొకటి నేను లెక్కలోకి తీసుకోలేదు. గంపల ఆడవాళ్ళు ఆ వేళకు మడిలో కూర కోస్తుంటారు. ముందుగా వచ్చి అంకె తీసుకోలేరు. కోసి, కట్టలు కట్టి, నీళ్ళు చల్లి, నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి వాళ్ళకు మిగిలేవి ఆఖరి అంకెలే. నా న్యాయం ప్రకారం వాళ్ళు ఎప్పటికీ చివరే. పైగా బస్సు మునుపటికంటే ఎక్కువ ఆలస్యమైంది.

బస్టాండు మూలన చాయ్ హోటల్ ఉంది. దాని యజమానిని అందరం చాచా అంటాం. పొద్దున నమాజు చేసుకుని, వాళ్ళ పవిత్ర గ్రంథం కాసేపు చదువుకుని, ఆ తర్వాతే పొయ్యి వెలిగించే మనిషి. అక్కడికి రోజూ వచ్చే ఇంకో పెద్దమనిషి పంతులుగారు. బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాడు. వారానికి రెండుసార్లు కామారెడ్డి గుడిలో పురాణం చెప్పడానికి మా బస్సులోనే పోయేవాడు. ఇద్దరికీ ఒకరినొకరు గిల్లుకోకుంటే చాయ్ దిగదు.

ఆ రోజు డ్రైవరు, కండక్టరమ్మ కూడా అక్కడే ఉన్నారు. నేను తల పట్టుకుని కూర్చుంటే చాచా గ్లాసు పెట్టి, "కంట్రోలర్ సాబ్, చెప్పుల దుకాణం మంచిగ నడుస్తుందంట గద" అన్నాడు.

"నవ్వకు చాచా. ముందొచ్చినోళ్ళకు ముందు అంటే గూడ కుదరకపాయె. ఇంకేం చెయ్యాలె?"

పంతులుగారు చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "ముందొచ్చినోనికి ముందు అనే మాట పాత శాస్త్రాలల్ల నాకు యాడ కనపడలేదు నాయనా. వాళ్ళు వేరేది అడిగిండ్రు. సన్నటి దారిల ఇద్దరు ఎదురైతే ఎవరు పక్కకు జరగాలె? దీని మీద పెద్ద పెద్ద ఋషులు కూర్చొని ఆలోచన చేసిండ్రు."

"ఋషులకు ఇంకేం పని లేకుండెనా?" అన్నాడు డ్రైవరు.

"ఇదే పని. మనిషికి మనిషి దారి ఇయ్యకుంటె ఇంక యజ్ఞం చేసి ఏం లాభం? బరువు మోసేటోళ్ళకు దారి ఇయ్యాలన్నరు. ముసలోళ్ళకు, రోగమున్నోళ్ళకు, ఆడోళ్ళకు. పెళ్ళికొడుక్కు గూడ."

"పెళ్ళికొడుక్కెందుకు?" అన్నాడు డ్రైవరు.

"ఆ ఒక్కరోజే గద ఆయనకు ఎవలన్న దారిచ్చేది" అంది కండక్టరమ్మ. డ్రైవరు పెళ్ళయినవాడు, గట్టిగా తలూపాడు.

"రాజుకు?" అని నేనడిగాను.

"రాజుకు గూడ ఇయ్యాలె. గని చదువు ముగించుకొని గురువు ఇంటినుంచి వచ్చేటోడు ఎదురైతే రాజే పక్కకు జరగాలె."

చాచా పొయ్యి దగ్గర్నుంచి అందుకున్నాడు. "మా పెద్దలు చెప్పిన దాంట్ల ఇంకో లెక్కుంది పంతులూ. సవారీ మీదున్నోడు నడిసేటోనికి ముందుగల సలాం చెయ్యాలె. నడిసేటోడు కూసున్నోనికి చెయ్యాలె. కొద్దిమంది ఉన్నోళ్ళు ఎక్కువమందికి చెయ్యాలె. ఒకడు నీకు సలాం చేస్తే, నువ్వు దానికంటె జర ఎక్కువ తిరిగియ్యాలె. కుదరకుంటె సమానం. తక్కువ మాత్రం వద్దు."

నేను లేచి కూర్చున్నాను. మర్యాద అంటే అప్పటిదాకా నాకు ఆవిరిలాంటిది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు అనుకునేవాణ్ని. ఇక్కడ ఎక్కువ తక్కువలు ఉన్నాయి. వరస ఉంది. లెక్క ఉంది. అయితే ఆ లెక్క ఎవరు ముందొచ్చారని అడగడం లేదు. ఎవరికి నిలబడడం కష్టం, ఎవరి చేతిలో బలం ఉంది అని అడుగుతోంది.

"కూసున్న కాడ జర జరగమంటె జరగాలె అని గూడ ఉంది. నువ్వు చోటిస్తె అల్లా నీకు చోటిస్తడు" అన్నాడు చాచా.

"గా ముచ్చట మీరే వచ్చి మా బస్సుల చెప్పుర్రి చాచా. ముగ్గురి సీటుల ఇద్దరు కాళ్ళు సాపుకొని కూసుంటరు" అంది కండక్టరమ్మ.

డ్రైవరుకు మాత్రం సలాం సంగతి మింగుడు పడలేదు. "అంటె సవారీ మీదున్నది నేనే గద. రోడ్డు మీద నిలబడ్డ ప్రతొక్కనికి ముందు నేను నమస్తే పెట్టాల్నా? స్టీరింగ్ ఎవలు పడ్తరు, నువ్వు పడ్తవా చాచా?"

"నోరు ఖాళీగనే ఉంది గద బేటా. హారన్ ఒత్తినంతసేపు పడ్తదా సలాంకు?"

అప్పటిదాకా గంపవ్వ గోడకు ఆనుకుని చాయ్ తాగుతూ వింటోంది. గంప పక్కన దించి ఉంది. ఆమె అడిగింది. "పంతులూ, ఆ పుస్తకాలల్ల మా అసొంటోళ్ళకు గూడ దారుందా? మా తాత ఊర్లెకు పోవాల్నంటె చెప్పులు ఇడిసి చేతుల పట్టుకునేటోడు. గప్పుడు ఈ ముచ్చట ఎవ్వలు చెప్పకపోయిరి."

పంతులుగారు గ్లాసు కింద పెట్టాడు.

"ఉన్నది చెప్త అవ్వా. మిమ్మల్ని దూరం పెట్టిన మాటలు గూడ ఆ పుస్తకాలల్లనే ఉన్నయి. అవి తప్పు. ఈ బరువు మాట మంచిది. దీన్ని గూడ మేము లోపల దాచిపెట్టుకున్నం."

గంపవ్వ చివరి గుటక తాగి గ్లాసు బోర్లించింది. "అయితె బయటికి తియ్యుర్రి. దాసిపెడితె పురుగు వడ్తది."

ఆ మాటతో నా తలలో ఏదో జరిగింది. బరువు మోసేవాళ్ళకు ముందు దారి. ఇది దయగా చెప్పిన మాటేనా, లేక దీనిలో పని కూడా ఉందా? మరునాడు నేనే ఆ బస్సెక్కాను. చేతిలో గడియారం, వెనక సీటు. కామారెడ్డి దాకా ప్రతి స్టేజీలో ఏం జరుగుతోందో చూశాను.

ఎల్లారెడ్డిలో తొక్కులాట వల్ల పోయేది కొంతే. అసలు టైమ్ పోయేది దారి పొడుగునా. గంపలు ఆఖర్న ఎక్కుతాయి కాబట్టి తలుపు దగ్గరే ఆగిపోతాయి. ప్రతి ఊళ్ళో దిగేవాళ్ళు వాటిని దాటాలి, ఎక్కేవాళ్ళు వాటిని దాటాలి. ఎవరి కాలో తగిలి కట్ట జారుతుంది. ఒకరు తిడతారు, ఇంకొకరు తిరిగి తిడతారు. డ్రైవరు హారన్ కొడతాడు. ప్రతి స్టేజీలో పోయేది చిన్నదే. అన్నీ కలిపితే రైలు వెళ్ళిపోయేంత. గంపవ్వ ఆ మొదటి రోజే చెప్పిన మాట ఇది. నాకు అర్థం కావడానికి నలభై కిలోమీటర్లు పట్టింది.

గంప ముందు ఎక్కితే నేరుగా వెనక పొడుగు సీటు కిందికి పోతుంది. దారి ఖాళీ అవుతుంది. ఋషులకు బస్సు తెలియదు, కానీ దారి తెలుసు.

అట్టముక్కలు తీసి చాచా పొయ్యిలో వేశాను. మరునాటినుంచి ముందు గంపలు, మూటలు. తర్వాత ముసలివాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. తర్వాత మిగతా జనం. కండక్టరమ్మ తలుపు దగ్గర నిలబడింది.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, "పైసలిచ్చేటోళ్ళం మేము నిలబడితె, ఫ్రీ వాళ్ళు ముందెక్కుడేంది?" అని అరిచాడు.

కండక్టరమ్మ నవ్వుతూ, "నీళ్ళు కారే గంప నువ్వు నెత్తిన పెట్టుకో అన్నా, నిన్నే ముందెక్కిస్త" అంది.

చొక్కా చూసుకుని ఆయన వెనక్కి జరిగాడు. కిటికీలోంచి పడిన దస్తీలను ఆమె ఒక్కొక్కటీ ఏరి, "ఇది ఎవలది? ముక్కు తుడుసుకోర్రి" అంటూ తలుపు దగ్గరే తిరిగి ఇచ్చేసింది. దస్తీల రాజ్యాంగం అట్లా రద్దయింది.

బస్సు మెరుగుపడింది. రైలు అందుతోంది, కానీ అంచు మీద. కొన్ని రోజులు అందుతుంది, కొన్ని రోజులు వెనక డబ్బా మాత్రమే కనబడుతుంది. డ్రైవరు మాత్రం చాచా మాటకు లొంగలేదు. "దారి ముచ్చట ఒప్పుకున్న. నమస్తే ముచ్చట ఒప్పుకోను" అని హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

నెల చివరి రోజు ఆఫీసరు కామారెడ్డి బస్టాండులో తానే నిలబడి చూస్తానని కబురు పంపాడు. ఆ రోజు నేను కూడా ఎక్కాను. పెళ్ళిళ్ళ రోజు. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో పంతులుగారు, వెనక పొడుగు సీటు కింద గంపలు, పైన సీట్లో గంపవ్వ. ఎల్లారెడ్డి దాటాం. అన్ని స్టేజీలు సాఫీగా గడిచాయి. చేతి గడియారం చూసుకుని లోపల్లోపల మురిసిపోతున్నాను.

సగం దూరం పోయాక ఒక ఊరు. ఊరి నడుమ రోడ్డు సన్నం. ఆ రోడ్డు నిండా జనం. పెళ్ళికొడుకును హనుమంతుని గుడికి తీసుకుపోతున్నారు. ముందు డప్పులు, వెనక డీజే బండి, మధ్యలో పూలు కట్టిన జీపు మీద పెళ్ళికొడుకు. దోస్తులు చొక్కాలు నడుముకు కట్టుకుని చిందులేస్తున్నారు. వాళ్ళ ఊపు చూస్తే మధ్యాహ్నం దాకా కదిలేటట్టు లేరు.

డ్రైవరు చెయ్యి హారన్ మీదికి పోయింది. మొదటి మోతకే ఇద్దరు దోస్తులు తిరిగి, బస్సు ముందుకొచ్చి, మరింత జోరుగా ఎగరడం మొదలుపెట్టారు. మీకు కూడా అనుభవమే. పెళ్ళి గుంపు హారన్ వింటే అది డప్పులో కలిసిపోతుంది.

బస్సులో గొడవ మొదలైంది. "దిగి నాలుగు తన్నుర్రి!" "పోలీసులకు ఫోన్ చెయ్యుర్రి!"

పంతులుగారు కిటికీలోంచి చూసి నిదానంగా, "పెళ్ళికొడుకు గదా. శాస్త్రం ప్రకారం దారి ఆయనదే" అన్నాడు.

"మీరు జర సప్పుడు జెయ్యకుర్రి పంతులూ!" అని బస్సు మొత్తం ఒక్క గొంతుతో అంది.

వెనకనుంచి గంపవ్వ అడిగింది. "మరి గంప నాది. దారి నాది గాదా?"

"నీది గూడ ఉందవ్వా."

"ఇద్దరిదైతె ఎట్ల మరి?"

పంతులుగారు తలగోక్కున్నాడు. "అప్పుడు ఎవలు ముందిస్తె వాళ్ళు పెద్దోళ్ళు."

ఇంజను శబ్దం ఆగింది. డ్రైవరు తాళం తిప్పి, తలుపు తీసి కిందికి దూకాడు. మనిషి కోపిష్టి. కొట్లాట అయితే రైలు సంగతి అటుంచి, ఆ రోజుకు బస్సే కదలదు. నేనూ జనాన్ని తోసుకుంటూ తలుపు దాకా వచ్చాను.

డ్రైవరు గుంపు ముందు నిలబడి, ఖాకీ చొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించాడు.

"అన్నలారా, అక్కలారా, నమస్తే. మీరు నడిసెటోళ్ళు, నేను బండి మీదొచ్చినోణ్ని. మీరు నూరుమంది, నేనొక్కణ్ని. ఎట్ల చూసినా ముందు నమస్తే నాదే. హారన్ కొట్టిన, అది తప్పే."

డప్పు ఆగింది. డీజే పిల్లగాడు ఏం జరుగుతోందో విందామని పాట ఆపేశాడు.

డ్రైవరు జీపు వైపు తిరిగాడు. "పెళ్ళికొడుకా, ఇయ్యాల దారి నీది. పాత శాస్త్రంలనే ఉందంట, చెప్పిన పంతులు మా బండ్లనే ఉన్నడు. నువ్వు గుడికి పొయ్యొచ్చిందాక మేం ఆగుతం. బండ్ల గంపలోళ్ళున్నరు, రైలుకు పోయెటోళ్ళున్నరు. అయినా దారి నీదే."

తిట్లకు సిద్ధంగా ఉన్న ఆ దోస్తులు ఎగరడం ఆపారు. చిందులకు జవాబు చిందులు. తిట్టుకు జవాబు తిట్టు. చేతులు జోడించిన మనిషికి జవాబు కోసం వాళ్ళు పెళ్ళికొడుకు వైపు తిరిగారు.

పెళ్ళికొడుకు పాతికేళ్ళ పిల్లవాడు. నుదుట బాసికం, బుగ్గన చుక్క. ఒక్క క్షణం బస్సు కిటికీల వైపు చూశాడు. తర్వాత పంచె ఎత్తిపట్టుకుని జీపు మీదినుంచి కిందికి దిగాడు. పెళ్ళికొడుకు నేల మీద కాలు పెట్టకూడదని ఎవరో ముసలామె అరిచింది. అతను వినలేదు.

"గింత మర్యాదగ చెప్పినంక గూడ నేను అడ్డముంటె, నన్నెవలన్న పెళ్ళికొడుకంటరా?" అన్నాడు. దోస్తుల వైపు తిరిగి, "జరుగుర్రిరా! జీపు పక్కకు తియ్యుర్రి. పెద్దమనుషులు పోతున్నరు" అని తానే ముందు నిలబడి దారి చేశాడు.

జనం రెండు పక్కలా గోడలకు ఆనుకుని నిలబడ్డారు. డ్రైవరు ఎక్కి తాళం తిప్పాడు. అప్పుడు డప్పులవాళ్ళకు ఏం బుద్ధి పుట్టిందో, మా బస్సు ముందు నిలబడి డప్పు కొడుతూ ఊరి చివరిదాకా నడిపించారు. ఎవరో పిడికెడు పూలు అద్దం మీద చల్లారు. బస్సు జీపును దాటుతుండగా గంపవ్వ కిటికీలోంచి చెయ్యి చాపి, పెద్ద కొత్తిమీర కట్ట పెళ్ళికొడుకు చేతిలో పెట్టింది.

"నా తాన గిదే ఉంది బిడ్డా. సల్లగుండు."

అతను దాన్ని కళ్ళకద్దుకున్నాడు. నేను ఉద్యోగంలో ఎన్నో ఊరేగింపుల వెనక చిక్కుకున్నాను. ఊరేగింపు సాగనంపిన బస్సులో కూర్చున్నది ఆ ఒక్కసారే.

కామారెడ్డి బస్టాండులోకి మలుపు తిరిగేసరికి రైలు ఇంకా రాలేదు. ఆఫీసరు ప్లాట్‌ఫారం మీద గడియారం చూసుకుంటున్నాడు. బస్సు ఆగగానే, అలవాటు ప్రకారం జనం గంపలకు దారి ఇస్తూ కూర్చునే ఉన్నారు. రైలుకు పోవాల్సినవాళ్ళు కూడా కదల్లేదు. గంపవ్వ లేచి, గంప మీద చెయ్యి వేసి, ఒకసారి అందరినీ చూసింది.

"రైలోళ్ళు దిగుర్రి ముందు. నా తోటకూర రైలెక్కదు."

సంచులు పట్టుకుని వాళ్ళు ఆమెకు నమస్తే పెడుతూ దిగారు. ఆమె ఆ తర్వాత దిగింది. కింద నిలబడ్డ ఆఫీసరు ఆమె గంప దించడానికి చెయ్యి అందించాడు. నీళ్ళు చొక్కా మీద కారాయి. ఆయన పట్టించుకోలేదు.

నా దగ్గరికి వచ్చి అన్నాడు. "బండి వచ్చినట్టే తెల్వలేదన్నా. రోజూ హారన్ మోత ముందొస్తుండె, ఎన్కనుంచి బస్సు వస్తుండె." తర్వాత డ్రైవరు వైపు చూసి, "ఈ ట్రిప్పు ఉంటది" అన్నాడు.

గంపవ్వ అప్పటికే మార్కెట్టు వైపు నడుస్తోంది. ఆ మాట వినేందుకు కూడా ఆగలేదు. తోటకూర ఇంకా పచ్చగా ఉంది కదా.

సాయంత్రం ఎల్లారెడ్డి చేరగానే డ్రైవరు తిన్నగా చాచా హోటల్‌కు పోయాడు. "చాచా, నువ్వు చెప్పింది నిజమే. అయితె ఒక్కటి తప్పింది. నమస్తేకు హారన్ కంటె తక్కువ టైమ్ పడ్తదంటివి, నాకు ఎక్కువనే పట్టింది."

"ఎక్కువ టైమ్ పెట్టి ముందు చేరినవు గద?" అన్నాడు చాచా. "ఈ లెక్క కంట్రోలర్ సాబ్‌కు ఇయ్యి, ఆయన చేస్తడు."

ఇప్పటికీ చేస్తున్నాను, పూర్తిగా తేలలేదు. కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇంతే. వరస పెట్టడం లెక్క అయితే, ఎవరిని వరసలో ముందు పెట్టాలో తెలుసుకోవడం అంతకంటే పెద్ద లెక్క. మన పాతవాళ్ళు రెండోదాని మీద ఎక్కువ కూర్చున్నారు. వాళ్ళు రాసిందంతా నెత్తిన పెట్టుకోమని చెప్పను. గంపవ్వ అడిగిన ప్రశ్న అడిగి, పంతులుగారిలా తప్పును తప్పని చెప్పి, మంచిది బయటికి తీసి వాడుకోండి.

మొన్న నాగిరెడ్డిపేటలో బంధువుల ఇంటికి పోయి, కొత్త బియ్యం మూట భుజాన వేసుకుని అదే బస్సెక్కడానికి నిలబడ్డాను. డ్రైవరు కొత్త, కండక్టరు కొత్త, నన్ను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల వంచి, "నమస్తే పెద్దమనిషి" అన్నాడు. నా ముందు నిలబడ్డ పాతికమంది, ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగారు.

"మూటున్నాయనకు దారియ్యిర్రి" అన్నాడు చెవిలో ఫోను తీగలు పెట్టుకున్న ఒక యువకుడు.

"ఎందుకు బాబూ, మీరే ముందొచ్చిండ్రు గద" అన్నాను, ఊరికే వినాలని.

అతను నన్ను కొత్తవాణ్ని చూసినట్టు చూశాడు. "గీ బస్సుల గంతే పెద్దమనిషి. బరువున్నోళ్ళే ముందు. ఇయ్యాల నిన్నటిది గాదు, తాతల ముత్తాతల కాలం నుంచి ఉన్న పద్ధతి."

నేను ఆ పద్ధతి పెట్టి నిండా మూడేళ్ళు కూడా కాలేదు. లెక్క సరిచేద్దామని నోరు తెరిచాను. పంతులుగారి ఋషులు గుర్తొచ్చారు. వాళ్ళను కలిపి చూస్తే ఆ పిల్లవాడు చెప్పిందే నిజం. "నమస్తే బాబూ" అని, అతనిచ్చిన దానికంటే జర ఎక్కువే తిరిగిచ్చి, అందరికంటే ముందు ఎక్కాను.